గీరితే పలికే ఇనుము
వాద్యాల వెనక చరిత్ర – 14వ భాగం

గత వారం కోరా గురించి చెప్పుకున్నాం. సగానికి కోసిన పెద్ద సొరబుర్రకు తోలు బిగించి, పొడుగాటి కర్రకు 21 తీగలు కట్టిన వాద్యం అది. కోరా కచేరీ ఎక్కడ జరిగినా చూపు ఆ తీగల మీదికే పోతుంది. కానీ వాయించే మనిషి పక్కన చాలాసార్లు ఒక గాయని ఉంటుంది. ఆమె ఎడమచేతిలో చిన్న ఇనుప గొట్టం, కుడిచేతిలో సన్నటి ఇనుప పుల్ల. పాడుతూనే ఆ పుల్లతో గొట్టాన్ని కొడుతూ ఉంటుంది. పాత రికార్డుల అట్టల మీద కోరా పేరు ఉంటుంది, గాయని పేరు ఉంటుంది. ఈ గొట్టం ఊసు చాలావాటి మీద కనపడదు. దాని పేరు కరిన్యాన్. ఈ వారం కథ దానిది.

పశ్చిమాఫ్రికాలో నైజర్ నది ఎగువ భాగాన, నేటి మాలి, గినీ, ఐవరీకోస్ట్, సెనెగల్, గాంబియా దేశాల్లో మాందే భాషలు మాట్లాడే జనం ఉన్నారు. మనింకా, బమనా, మండింకా వగైరా పేర్లతో వ్యవహరించే ఈ జనమంతా 13వ శతాబ్దపు మాలి సామ్రాజ్యాన్ని తమ తల్లివేరుగా చెప్పుకుంటారు. కరిన్యాన్ వీళ్ల వాద్యం. ఇందులో రెండు రకాలున్నాయి. గాయనుల చేతిలోది నున్నటి గొట్టం, దాన్ని కొట్టి మోగిస్తారు. వేటగాళ్ల పాటలోనూ, మాలి దక్షిణాన ఉన్న వాసులు ప్రాంతపు పాటలోనూ వినిపించేది గాట్లు పెట్టిన గొట్టం, దాన్ని గీరి పలికిస్తారు. మనకు ముఖ్యంగా కావలసింది ఈ రెండోది.

అది సుమారు జానెడు పొడుగుంటుంది. కమ్మరి రేకును కొలిమిలో ఎర్రగా కాల్చి, ఊచ చుట్టూ సుత్తితో వంచుకుంటూ గొట్టంలా చుడతాడు. అంచులు రెండూ కలిసేదాకా చుట్టడు. నిలువునా సన్నటి సందు వదిలేస్తాడు. ఆ తరవాత గొట్టం వీపు మీద ఉలి పెట్టి అడ్డంగా గాటు వెనక గాటు కొడతాడు. పట్టుకోవడానికి ఒక ఉంగరమో తాడో ఉంటుంది. అంతే. మీటడానికి తీగ లేదు, బిగించడానికి తోలు లేదు, శ్రుతి చేయడానికి మర లేదు. వాయించే మనిషి గొట్టాన్ని అరచేతిలో వదులుగా పట్టుకుంటే మోత సాగుతుంది, వేళ్లు బిగిస్తే తెగుతుంది. పుల్లతో గాట్ల మీదుగా పొడుగ్గా ఒక గీత గీసి, దాని వెనకే పొట్టిగా గీతలో దెబ్బలో వేస్తారు. ఆ వరస ఒకసారి మొదలైతే పాట అయ్యేదాకా ఆగదు.

డోలు మోత నేలబారున నడుస్తుంది. తీగలు, మనిషి గొంతు దానికి పైన. ఇనుము మీద ఇనుము రాసిన శబ్దం వీటన్నిటికీ పైన ఉంటుంది. అందుకే రాత్రిపూట ఊరి నడిమధ్యన వందమంది గుమిగూడి నాలుగు డోళ్లు మోగుతున్నా, జానెడు గొట్టం చప్పుడు ఆ చివరున్న నాట్యగత్తెకు కూడా విడిగా వినిపిస్తుంది. ఆమె పాదం దాన్ని పట్టుకునే పడుతుంది. సంగీతం గురించి రాసేవాళ్లు దీన్ని పక్కవాద్యాల్లో కూడా చివర చెబుతారు. నాకు అది అన్యాయంగా తోస్తుంది. పక్కవాద్యం అనుకుంటే అది ఆగినా పాట నడవాలి. ఇది ఆగితే వేటగాళ్ల పాటకు కాలే ఉండదు.

ఇనుము అక్కడికి ఎలా వచ్చిందో చూడాలి. పశ్చిమాఫ్రికాలో ఇనుపరాయిని కరిగించడం చాలా పాత విద్య. బుర్కినా ఫాసోలో దూరులా అనే చోట క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం నాటి ఇనుప పరిశ్రమ ఆనవాళ్లు దొరికాయి. ఆ దేశంలోని పాత కొలుముల స్థలాలను 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మాలిలో జెన్నే పట్టణం పక్కనున్న జెన్నే-జెనో దిబ్బను 1977 నుంచి తవ్విన పురావస్తు శాస్త్రజ్ఞులు సుసాన్, రోడరిక్ మెకింటోష్ దంపతులకు అక్కడ క్రీస్తుపూర్వం 250 ప్రాంతాల్లో కాపురమున్న మొదటి జనం ఇనుము వాడినట్టు తేలింది. ఆ చుట్టుపక్కలంతా వరదనీటి మాగాణి, ఇనుపరాయి దొరకదు. అంటే ఎక్కడినుంచో నది మీద తెచ్చుకున్నారన్నమాట.

ఆ ఇనుము పుట్టుకను కళ్లారా చూసి రాసిపెట్టిన మనిషి ఒకడున్నాడు. మంగో పార్క్ అనే స్కాట్లండ్ వైద్యుడు. నైజర్ ఎటు పారుతుందో తెలుసుకోవడానికి 1795లో బయలుదేరి, దోపిడీకి గురై, జ్వరంతో కూలిపోయే స్థితిలో 1796 సెప్టెంబరులో కమాలియా అనే మాందే గ్రామానికి చేరాడు. కార్ఫా తౌరా అనే వ్యాపారి అతన్ని చేరదీసి నెలల తరబడి అన్నం పెట్టాడు. పార్క్ పడుకున్న గుడిసెకు దగ్గర్లోనే ఒక కొలిమి ఉంది. 1799లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో అతను దాన్ని ఓపిగ్గా వర్ణించాడు. మట్టితో కట్టిన గుండ్రటి బురుజు, సుమారు పది అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, వేడికి పగిలిపోకుండా చుట్టూ తీగలతో కట్టు. అడుగున ఏడు రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో మూడేసి మట్టి గొట్టాలు. లోపల ముందు ఎండుకట్టెలు, వాటి మీద బొగ్గు, దాని మీద ఇనుపరాయి, మళ్లీ బొగ్గు, మళ్లీ రాయి, బురుజు నిండేదాకా ఇదే వరస. ఒక గొట్టంలోంచి నిప్పు పెట్టి మేకతోలు తిత్తులతో ఊదారు. మంట పైకి కనపడటానికే కొన్ని గంటలు పట్టింది. ఆ రాత్రంతా భగభగ మండింది. మూడోరోజున గొట్టాలన్నీ లాగేస్తే, వాటి కొసలు వేడికి గాజులా మారిపోయి ఉన్నాయి. ఇంకొన్నాళ్లు చల్లారనిచ్చి, బురుజును ఒకవైపు పడగొట్టి చూస్తే, బొగ్గు ముక్కలు అంటుకున్న పెద్ద వంకరటింకర ముద్ద ఒకటి బయటపడింది.

ఆ ముద్ద గురించి పార్క్ రెండు సంగతులు రాశాడు. విరిచి చూస్తే లోపల ఉక్కులా రవ్వరవ్వగా ఉంది. ఇంకోటి, అది మోగుతుంది. సంగీతం గురించి రాస్తూ అన్నమాట కాదిది, లోహం గుణం పరీక్షిస్తూ అన్నమాట. అయినా నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైనది ఆ మాటే. ఇంకా సుత్తి దెబ్బ తగలని, వాద్యం కావడానికి చాలా దూరంలో ఉన్న ఇనుము, కొలిమిలోంచి వచ్చిన రోజే పలికింది.

అదే కమాలియాలో అదే ఇనుముతో చేసిన ఇంకో వస్తువు గురించి కూడా పార్క్ రాశాడు. కార్ఫా తౌరా బానిసల వ్యాపారి. అమ్మకానికి తెచ్చిన మనుషులను ఇద్దరిద్దరిగా, ఒకడి కుడికాలు ఇంకొకడి ఎడమకాలితో కలిపి సంకెళ్లు వేసి ఉంచేవాడు. 1797 ఏప్రిల్ 19న ఆ గుంపు సముద్రతీరం వైపు బయలుదేరింది. పార్క్ కూడా వాళ్లతోనే నడిచాడు. దారిలో కలిసినవాళ్లతో కలిపి బానిసలు 35 మంది. గుంపులో ఆరుగురు జెలిలు, అంటే గాయకులు, ఉన్నారని అతను ప్రత్యేకంగా చెప్పాడు. నడిచి నడిచి అలసినవాళ్లకు ఊరట ఇవ్వడం, కొత్త ఊళ్లో అడుగుపెట్టేముందు పాడి ఆతిథ్యం సంపాదించడం వాళ్ల పని. సంకెలకూ పాటకూ మధ్య ఆ దారిలో నాలుగు బారల దూరం కూడా లేదు. పశ్చిమాఫ్రికా ఇనుము కథ చెప్పేటప్పుడు ఈ సంగతి దాటేసి పోకూడదు.

ఇప్పుడు వెనక్కి, మాలి సామ్రాజ్యం రోజులకు వెళదాం.

బయటి ప్రపంచానికి మాలి అంటే బంగారం. 1324లో మక్కాయాత్రకు పోయిన మాలి రాజు మన్సా మూసా కైరోలో పంచిన బంగారం కథలు అరబ్బు చరిత్రకారులు తరాల తరబడి రాశారు. 1375 నాటి కటలాన్ పటంలో అతను చేతిలో బంగారు ముద్ద పట్టుకుని కూర్చుని ఉంటాడు. 1352–53లో మాలి వెళ్లిన యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా మన్సా సులేమాన్ కొలువులో ముందుగా చూసింది బంగారాన్నే. రాజుకు ముందు నడిచే గాయకుల చేతుల్లో బంగారు, వెండి తంత్రీవాద్యాలున్నాయని రాశాడు. సొరబుర్రలు కట్టిన ఒక వాద్యాన్ని దూఘా అనే ఆస్థాన దుబాసీ వాయించడం, అతనితో పాటు స్త్రీలు పాడటం కూడా వర్ణించాడు. ఈ ఇబ్న్ బతూతా మనకు కొత్తవాడు కాదు. మాలికి పోవడానికి చాలా ఏళ్ల ముందు ఢిల్లీలో ఖాజీ ఉద్యోగం చేశాడు. ఆ ఉద్యోగం ఇచ్చిన మహమ్మద్ బిన్ తుగ్లక్, 1323లో ఉలుగ్ ఖాన్ పేరుతో ఓరుగల్లును కూలగొట్టినవాడే. కాకతీయుల పతనమూ, మాలి కొలువులో పాటా ఇలా ఒకే మనిషి జీవితం అంచున తగులుతాయి.

బయటివాళ్లు బంగారం చూశారు సరే, మాలి జనం తమ కథ తాము చెప్పుకున్నప్పుడు అందులో మోగేది ఇనుము. మాలి సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సున్జాతా గాథ అనేక పాఠాల్లో ఉంది. గినీ చరిత్రకారుడు జిబ్రిల్ తంసీర్ నియాన్ ఒక జెలి నోట విని 1960లో ప్రచురించిన పాఠం ఎక్కువమందికి తెలిసింది. అందులో సున్జాతా ఏడేళ్లు వచ్చినా నడవలేని పిల్లాడు. తల్లి సొగొలోన్ కూరలో వేయడానికి నాలుగు బావోబాబ్ ఆకులు అడిగితే సవతి సస్సుమా బెరెతే హేళన చేస్తుంది. నీ కొడుకు నడిచి తెచ్చిపెట్టలేడా అన్నట్టు మాట్లాడుతుంది. తల్లి ఏడుపు చూసిన పిల్లాడు కమ్మరుల దగ్గరికి కబురంపుతాడు. వాళ్లు పెద్ద ఇనుప కడ్డీ మోసుకొస్తారు. దాన్ని ఆసరా చేసుకుని లేస్తాడు. లేచేసరికి అతని బలానికి కడ్డీ విల్లులా వంగిపోతుంది. జెలి బల్లా ఫసెకే అక్కడికక్కడే విల్లు మీద పాట కడతాడు. పిల్లాడు పోయి బావోబాబ్ చెట్టునే పెకలించి తెచ్చి తల్లి గుడిసె ముందు పడేస్తాడు.

సున్జాతా శత్రువు సోస్సో రాజు సుమావొరో కాంతే. అతను పుట్టుకతో కమ్మరి. ఇనుము అతన్ని ఏమీ చేయలేదు. ఈటెలు, బాణాలు తగిలి జారిపోయేవి. చివరికి అతని రహస్యం తెలుసుకుని, కొసకు తెల్లకోడిపుంజు కాలిముల్లు పెట్టిన చెక్కబాణంతో కొడితే అతని బలం పోతుంది. 1235 ప్రాంతంలో కిరినా యుద్ధంలో సుమావొరో ఓడిపోయాడు, మాలి సామ్రాజ్యం నిలబడింది. గెలిచినవాడు మొదటిసారి నిలబడింది కమ్మరి ఇనుము పట్టుకుని. ఓడినవాడు తానే కమ్మరి. ఓడిన రాజును కూడా మాందే కమ్మరులు ఇవాళ్టికీ తమ కులపురుషుల్లో ఒకడిగా గౌరవంగా తలుచుకుంటారు.

ఆ కమ్మరులను నుము అంటారు. తోలుపని చేసే గరంకేలు, పాడే జెలిలు, వీళ్లు వంశపారంపర్యంగా వృత్తి సాగించే వర్గాలు. పెళ్లిళ్లు తమలో తామే చేసుకుంటారు. నుము నాగలి కర్రు, గొడ్డలి చేస్తాడు. ముఖాలకు తొడుక్కునే కొయ్య మాస్కులు చెక్కుతాడు. మగపిల్లలకు సున్తీ చేస్తాడు. తగాదాలు తీరుస్తాడు, మూలికలు ఇస్తాడు. అతని భార్య కుండలు చేస్తుంది. ఇనుపరాయిని నిప్పుతో మార్చే పనిలో ఒక ప్రమాదకరమైన శక్తి, వాళ్ల మాటలో న్యామా, విడుదలవుతుందని నమ్మకం. దాన్ని తట్టుకునే పుట్టుక, విద్య నుముకే ఉంటాయని అంటారు. అందుకే జనానికి అతనంటే భయం, గౌరవం రెండూ. ఐరోపా నుంచి చవక ఇనుము దిగడం మొదలయ్యాక పార్క్ చూసిన తరహా బురుజు కొలుములు ఒక్కొక్కటే చల్లారిపోయాయి. నుములు మాత్రం పోలేదు. పాత లారీ స్ప్రింగులు, రైలు పట్టా ముక్కలు, నూనె డ్రమ్ముల రేకు, ఏది దొరికితే అది కొలిమిలో పెట్టారు. ఇప్పుడు వింటున్న కరిన్యాన్లలో చాలావాటి ఇనుము అలా వచ్చిందే.

కమ్మరి చేసిన ఈ గొట్టం ఆడవాళ్ల చేతిలోకి వెళ్లిన తీరు ఆలోచించదగింది. జెలి కుటుంబాల్లో వాద్యాలు మగవాళ్లవి. కోరా, సొరబుర్రలు కట్టిన బాలా, తీగల న్గోని, మూడూ కొడుకులకు నేర్పుతారు. ఆడవాళ్లది గొంతు. జెలి స్త్రీని జెలిముసో అంటారు. కొలువులోనైనా, పెళ్లిలోనైనా, పేరుపెట్టే వేడుకలోనైనా జనం ఎదురుచూసేది ఆమె పాట కోసమే. పెద్దల వంశాలు ఎత్తి పొగిడి, వాళ్ల జేబుల్లోంచి డబ్బు రాబట్టగలిగేది ఆమే. ఆ జెలిముసోకు సంప్రదాయం ఇచ్చిన ఒకే ఒక్క వాద్యం ఈ ఇనుప గొట్టం. ఒకే ఒక్కటి ఇచ్చారు గదా, చిన్నచూపు అని అనిపించవచ్చు. నాకు దాన్ని ఇంకో వైపు నుంచి చూడాలని ఉంది. పాటకు మాట ఆమెది, కాలమూ ఆమె చేతిలోనే. పక్కన 21 తీగలు ఎంత దూరం విహరించి వచ్చినా మళ్లీ ఆమె గొట్టం మోత దగ్గరే దిగాలి.

వేటగాళ్ల దగ్గర ఈ గొట్టం ఇంకోలా బతికింది. మాందే దేశంలో వేటగాడిని దోన్సో అంటారు. దోన్సో కావడానికి పుట్టుక అక్కర్లేదు. రాజు కొడుకైనా, రైతైనా, కమ్మరైనా గురువు దగ్గర చేరి ప్రమాణం చేస్తే చాలు. వేటగాళ్లను పాడేవాడు కూడా జెలి కానక్కర్లేదు. అతని వాద్యం దోన్సో న్గోని, ఆరు తీగలది, బొంగురు గొంతుతో పలుకుతుంది. ఆ గాయకుడి పక్కన శిష్యుడు కూర్చుని కరిన్యాన్ గీరుతుంటాడు. ఇంకొకరు గాయకుడి ఒక్కో చరణానికీ "నాము" అని బదులు పలుకుతుంటారు. బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ వంత పాడే ఇద్దరు ఉన్నట్టే. వంత లేని కథ నిలవదని మనకు తెలుసు. దోన్సో పాట కూడా అంతే, తెల్లవార్లూ సాగే కథలో గాయకుడు దారి తప్పకుండా చూసేది ఆ గీరుడూ ఆ "నాము"లే.

శిష్యుడు మొదట నేర్చేది కరిన్యానే. న్గోని తీగ ముట్టుకునేముందు ఏళ్ల తరబడి ఇనుము గీరుతాడు. వేళ్లు ఆడిస్తూనే చెవితో కథలన్నీ వింటాడు. ఎక్కడ గురువు వేగం పెంచుతాడో, ఎక్కడ పాట ఆపి సామెత చెబుతాడో, ఎవరి పేరు ఎత్తితే గుంపులోంచి వేటగాడు లేచి నాట్యం చేస్తాడో అన్నీ ఆ గీరుడులోనే ఒంటబడతాయి. ఇంతకన్నా మంచి బడి ఏదో నాకు తెలియదు. చేతికి ఒక్క పని, చెవికి వెయ్యి పనులు.

అలాంటి గాయకుల్లో సేదూ కమారా ఒకడు. అతను పాడిన "కంబిలి" అనే వేటగాళ్ల గాథను చార్ల్స్ బర్డ్ అనే అమెరికన్ పండితుడు అనువదించి 1974లో ప్రచురించాడు. మనుషులను చంపుతున్న సింహమానవుడిని కంబిలి అనే వేటగాడు వేటాడే కథ. భార్య ఎత్తు వేయకపోతే అతనికి ఆ గెలుపు దక్కదు. కథ జరిగేది సమోరి తూరే కాలంలో. ఆ పేరు దగ్గర ఆగాలి, ఎందుకంటే వాసులు చరిత్ర ఆ మనిషితో ముడిపడి ఉంది.

సమోరి 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచివాళ్లను ఏళ్ల తరబడి నిలువరించిన సామ్రాజ్య నిర్మాత. అతని కమ్మరులు ఫ్రెంచి తుపాకులను విప్పి చూసి, అలాంటివే తమ కొలుముల్లో తయారుచేశారు. మాందే కమ్మరి పనితనానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. అయితే గుర్రాలు, తుపాకులు కొనడానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? పట్టుబడిన మనుషులను అమ్మగా వచ్చింది. 1888లో అతని మీద తిరగబడ్డ జనాల్లో వాసులువాళ్లు ముందున్నారు. తిరుగుబాటును అణిచిన తీరు ఘోరం. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1898 సెప్టెంబరు 29న ఫ్రెంచి సేనలు సమోరిని పట్టుకున్నాయి. రెండేళ్లకు గాబన్‌లో ప్రవాసంలో చనిపోయాడు. బతికి బయటపడ్డ వాసులువాళ్లు తిరిగివచ్చి గడ్డి మొలిచిన ఇళ్లను మళ్లీ కట్టుకున్నారు. గినీలో సమోరి జాతీయ వీరుడు. వాసులు ఊళ్లలో అతని పేరు వేరే గొంతుతో పలుకుతారు. రెండూ చరిత్రే.

1950లు, 60ల్లో ఆ వాసులులో కుర్రకారు ఒక పని చేశారు. వేటగాళ్ల న్గోనిని చిన్నదిగా చేసి, శ్రుతి పెంచి, కమలే న్గోని అని కొత్త వాద్యం తయారుచేసుకున్నారు. కమలే అంటే కుర్రాడు. వేటగాళ్ల రహస్యాలకు సంబంధించిన స్వరాలు పిల్లలు నాట్యాల్లో వాడతారా అని పెద్దలు కోప్పడ్డారు. కుర్రాళ్లు వినలేదు. తీగల వాద్యం మారింది, పాటల విషయం మారింది. కరిన్యాన్ మాత్రం వేటగాళ్ల దగ్గరినుంచి వచ్చిన రూపంలోనే, అదే గాట్లతో, వాళ్ల చేతుల్లోకి వచ్చి చేరింది.

ఈ పాటను ఎక్కువగా ఆడవాళ్లు సొంతం చేసుకున్నారు. వాళ్లు జెలిముసోలు కారు. వంశాలు పొగడాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. అందుకే తమకు తోచింది పాడారు. కూంబా సిదిబే, సాలి సిదిబే తరవాత ఉమూ సంగారే వచ్చింది. 1968లో బమాకోలో పుట్టింది, తల్లిది వాసులు. 1989లో, 21 ఏళ్ల వయసులో, అబిజాన్‌లో ఆమె రికార్డు చేసిన "ముసొలు" క్యాసెట్ పశ్చిమాఫ్రికా అంతటా రెండు లక్షలకు పైగా అమ్ముడైంది. ముసొలు అంటే స్త్రీలు. ఇష్టం లేని పెళ్లిళ్ల గురించి, ఒక ఇంట్లో సవతుల మధ్య నలిగే బతుకు గురించి, ప్రేమ గురించి అంత బాహాటంగా ఒక ఆడపిల్ల పాడటం ఆ దేశంలో చాలామందికి కొత్త. మార్కెట్లలో, బస్సుల్లో, వంటింటి రేడియోల్లో ఆ క్యాసెట్ నెలల తరబడి మోగింది.

ఆ పాటల్ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ఎలక్ట్రిక్ గిటార్ ఉంటుంది, బాస్ ఉంటుంది, వయొలిన్ ఉంటుంది, కమలే న్గోని తుళ్లుతూ ఉంటుంది. వాటన్నిటి మీదుగా, చెవికి ఒక పక్కన, ఒక సన్నటి రాపిడి ఎడతెగకుండా నడుస్తుంటుంది. గొంతు నిట్టూర్చి ఆగిన చోట అది ఆగదు. వెనక పాడేవాళ్లు అందుకునే చోట అది తడబడదు. ఒకసారి చెవికి దొరికిందంటే ఇక దాన్ని వదిలి వినడం కుదరదు. కొత్త వాద్యాలు ఎన్ని చేరినా వాసులు పాట వాసులు పాటే అని గుర్తుపట్టించేది, కమలే న్గోనితో పాటు ఆ రాపిడే.

ఇనుము గీరి నాట్యం చేయించడం ఆఫ్రికా సంతతివాళ్లున్న ఇతర తీరాల్లో కూడా కనపడుతుంది. అవన్నీ కరిన్యాన్ పిల్లలే అనేయడం తొందరపాటు. కరీబియన్ దీవుల్లో సొరకాయ బుర్రకు గాట్లు పెట్టి గీరే అలవాటు అక్కడి ఆదివాసుల్లోనూ ఉండేది. అయినా పక్కపక్కన పెట్టి చూడటంలో తప్పులేదు. పశ్చిమాఫ్రికా తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న కేప్ వెర్డీ దీవుల్లో, పోర్చుగీసువాళ్లు 15వ శతాబ్దంలో తీరం నుంచి బానిసలను తెచ్చి దింపారు. అక్కడి శాంటియాగో దీవిలో ఫునానా అనే పాటకు అకార్డియన్ పక్కన ఫెర్రిన్యో ఉంటుంది. అది గాట్లు పెట్టిన ఇనుప బద్ద. నిలువుగా పట్టుకుని వంటింటి కత్తితో గీరుతారు. వలస పాలనలో అది మోటు పాటగా చీదరింపులు పడింది. 1975లో స్వాతంత్ర్యం వచ్చాక దేశపు పాటగా తలెత్తుకుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో రేకు గొట్టానికి మేకుతో పొడుపులు పొడిచి చేసే గ్వీరా లేకపోతే మెరెంగే నాట్యం లేదు. ఆ మెరెంగేను యునెస్కో 2016లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అమెరికాలో లూసియానా నల్లజాతి క్రియోల్ జనం బట్టలుతికే గరుకు రేకు బల్లను గీరేవాళ్లు. 1946లో క్లిఫ్టన్ చెనియర్ అనే అకార్డియన్ వాద్యకారుడు, తన అన్న క్లీవ్‌లాండ్ వాయించడానికి భుజాల మీద తగిలించుకునే రేకు కవచం ఒకటి గీసి చూపించి, టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్ నూనెశుద్ధి కర్మాగారంలో లోహపు పని చేసే విల్లీ లాండ్రీ చేత తయారుచేయించాడు. క్లీవ్‌లాండ్ దాన్ని సీసా మూతలు తీసే ఓపెనర్లతో గీరేవాడు. అక్కడా వాద్యాన్ని ఇచ్చింది లోహం పనివాడే.

మళ్లీ మాందే దేశానికి వస్తే, 2009లో యునెస్కో అక్కడి రెండు సంప్రదాయాలను తన జాబితాలో చేర్చింది. ఒకటి కురుకన్ ఫుగాలో సున్జాతా ప్రకటించాడని చెప్పే మాందే శాసనం. రెండోది కంగాబా ఊళ్లో ఏడేళ్లకోసారి పవిత్ర గృహానికి కప్పు మార్చే వేడుక. ఆ సందర్భంలో పక్కనున్న కెలా గ్రామపు జెలిలు వచ్చి వంశగాథలు చెబుతారు. అంతకుముందే, 2001లో, ఒక బాలాకు యునెస్కో గుర్తింపు దక్కింది. అది సుమావొరో కాంతే వాయించిన బాలా అని, గినీలోని నియగస్సోలా ఊళ్లో కుయాతే వంశం తరతరాలుగా కాపాడుతూ వస్తున్నదని చెబుతారు. కమ్మరి రాజు తాను లేనప్పుడు ఎవరూ ముట్టకూడదని రహస్య మందిరంలో దాచుకున్న ఆ బాలాను బల్లా ఫసెకే ఎలా ముట్టాడో, ముట్టి ఎలా ప్రాణంతో బయటపడ్డాడో వచ్చే వారం.